అమ్మమ్మగారి తలుపు, నా రాతబల్ల

2021 జనవరిలో మామయ్య ఫోన్ చేసి, "ఇల్లు విప్పేస్తున్నామమ్మా, నీకేమన్నా కావాలా?" అన్నాడు. అమలాపురం పక్క ఊళ్ళో మా అమ్మమ్మగారి మండువా లోగిలి. దూలాలూ స్తంభాలూ పాత కలప వ్యాపారికి అప్పటికే బేరమైపోయాయట. మిగిలింది వెనక వసారా జంట తలుపు ఒక్కటే. దాన్ని ఎవరూ అడగలేదు. ఆకుపచ్చ రంగు ఎన్ని పూతలు పడిందో లెక్కలేదు, కింది అంచు వానకి నాని పుచ్చిపోయింది. "అది నాకు పంపించు మామయ్యా" అన్నాను. ఏం చేసుకుంటావని అడిగితే నా దగ్గర జవాబు లేదు. టేకు కదా, దారిలో అడుగుతారని అటవీశాఖ కాగితం కూడా చేయించి డీసీఎం డ్రైవరు చేతికిచ్చాడు. అలా ఆ తలుపు హైదరాబాదు చేరి, మా మూడో అంతస్తు బాల్కనీలో గోడకి చేరబడింది.

ఏడాది పైగా దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నాం.

ఈలోపు నాకు వడ్రంగం పిచ్చి పట్టుకుంది. పొద్దస్తమానం పన్నుల లెక్కలు చూసేదాన్ని, సాయంత్రానికి చేతిలో ఏమీ మిగలదు. ఏదో ఒకటి చేత్తో చెయ్యాలనిపించింది. మిషన్లు వద్దనుకోవడం వెనక సిద్ధాంతమేమీ లేదు. ఫ్లాటులో కట్టర్ ఆన్ చేస్తే కింది ఇంటివాళ్ళు మెట్లెక్కి వస్తారు, చెక్కని నున్నగా గీసే చిత్రికకి ఆ గొడవ లేదు. ఉలి మీద సుత్తి దెబ్బలకి ఉందనుకోండి, ఆ పని ఆదివారం పగటిపూట పెట్టుకున్నాను.

మొదట చేసింది పీట. భోజనానికి వేసుకునే మామూలు పీటే. ఆగస్టులో, మంచి ముసురులో, అడితికి వెళ్ళి 14 అంగుళాల వెడల్పున్న టేకు పలక తెచ్చుకున్నాను. చుట్టూ చిత్రిక పట్టి, కింద రెండు అడ్డకర్రలు పెట్టాను. గట్టిగా ఉండాలని ఫెవికాల్ దట్టంగా పూసి, చాలదన్నట్టు ఒక్కో కర్రకి ఆరేసి స్క్రూలు బిగించాను. ఏనుగు కూర్చున్నా కదలదనుకున్నాను. నిజంగానే కదల్లేదు. మరుసటి ఏప్రిల్లో ఒక రాత్రి పదకొండింటికి హాల్లో ఠప్పుమని చప్పుడైంది. ఫ్యాను ఊడిపడిందేమోనని లేచి చూస్తే పీట మధ్యలో నిలువునా చీలి ఉంది. అట్టముక్క దూరేంత సందు. ఒక్క స్క్రూ వదులవలేదు, బంక ఒక్కచోట కూడా వదల్లేదు. తప్పంతా అక్కడే ఉందని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

చెక్క తడికి ఉబ్బుతుందని, ఎండకి తగ్గుతుందని చిన్నప్పటినించీ తెలుసు, వానాకాలం తలుపులు పట్టెయ్యడం చూడనివాళ్ళెవరు? నాకు తెలియనిదల్లా అది అన్ని వైపులా సమానంగా కదలదని. పొడవునా దాదాపు కదలనే కదలదు. కదలికంతా వెడల్పులోనే. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి మానులో ఏటా పడే వలయాల వెంబడి 5 శాతం పైన, వలయాలకి అడ్డంగా అందులో సగం తగ్గుతుంది. చాలా కర్రలతో పోలిస్తే ఇది తక్కువే, ఓడలకీ గుమ్మాలకీ టేకునే వెతుక్కోవడానికి అదొక కారణం. లెక్కల మనిషిని కాబట్టి కాగితం మీద వేసి చూసుకున్నాను. ముసురులో కొన్న పలకలో తేమ వేసవికి అయిదు శాతం పడిపోయిందనుకుంటే, 14 అంగుళాలకి సుమారు ఒక నూలు తగ్గాలి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కింద అడ్డకర్రలేమో పొడవు వాటంగా ఉన్నాయి, అవి తగ్గవు. పలక ముడుచుకుంటానంటుంది, కర్ర వీల్లేదంటుంది. నేను పెట్టిన పన్నెండు స్క్రూలూ కర్ర పక్షాన నిలబడ్డాయి. చెక్క చీలక ఏం చేస్తుంది?

ఆ ఆదివారం తువ్వాలు తీస్తుంటే తలుపు వైపు సరిగ్గా చూశాను. ఏడాదిగా రోజూ చూస్తున్నదే. నిలువు పట్టీల మధ్య గాడిలో కూర్చున్న పలక అంచున, పై నుంచి కింది దాకా, రంగు అంటని చెక్క సన్నటి గీతలా కనబడుతోంది. చిక్కటి ఆకుపచ్చ పక్కన గోధుమరంగు చార. కోనసీమ తేమలో రంగులేసినప్పుడల్లా ఆ భాగం గాడి లోపల దాక్కుని ఉంది. హైదరాబాదు ఎండకి పలక సన్నబడి అది బయటికొచ్చింది. ఎక్కడా చీలిక లేదు. 80 ఏళ్ళ పైబడిన తలుపు, వానకి పుచ్చిందే కానీ పగల్లేదు. ఎందుకంటే ఆ పలకని ఎవరూ బిగించలేదు. గాడిలో ఊరికే నిలబెట్టి, తన మానాన తనని వదిలేశారు.

అప్పుడు అనిపించింది, ఈ తలుపు విప్పి ఏదైనా కడదామని.

విప్పడానికి ముందు రంగు వదిలించాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గరుకు కాగితంతో పొడిపొడిగా రుద్దకూడదు, ఆ దుమ్ము ఇంట్లో పిల్లలకి మరీ ప్రమాదం. రంగు వదిలించే మందు పూసి, ముక్కుకి మాస్కు కట్టుకుని, మెత్తబడ్డాక రేకుతో గీకాను. ఇది నాలుగు ఆదివారాల దరిద్రపు పని, దీని గురించి ఇంకేం చెప్పను. తర్వాత మేకులు. తలుపు నిండా తోరణాలకీ క్యాలెండర్లకీ కొట్టిన మేకులు, సగం తలలు ఊడిపోయి లోపలే ఉన్నాయి. ఇనుము చుట్టూ టేకు నల్లబడుతుంది కాబట్టి మరకని బట్టి కొన్ని దొరికాయి. మిగిలినవాటికి పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని దారం కట్టి చెక్క మీద నడిపించాను. మేకున్నచోట అది తల తిప్పుతుంది. ఇలా 41 మేకులు తీసినా కోత మిల్లువాళ్ళు పాత తలుపని తెలిసి ముట్టుకోం అన్నారు. ఒక్క మేకు తగిలితే వాళ్ళ బ్లేడు పోతుంది, వాళ్ళ బాధ వాళ్ళది. అంటే కోతంతా చేతిరంపంతోనే.

పట్టీల మూలలు వెదురు చీలలతో బిగించి ఉన్నాయి. వెనకవైపు నుంచి కొట్టి ఒకటి బయటికి తీస్తే అది తిన్నగా లేదు, నడుము దగ్గర ఒంకర తిరిగి ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పనివాడు సరిగ్గా రంధ్రం పెట్టలేదనుకున్నాను. నా తెలివి అప్పటికి అంత.

పనిముట్లలో నా చిత్రిక ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది. ఇనపది, తుప్పు పట్టింది, 450 రూపాయలు. ఇప్పుడు ప్రపంచమంతా కనిపించే ఇనప చిత్రికల రూపం చాలావరకు లియొనార్డ్ బెయిలీ అనే అమెరికావాడిది. 1869లో స్టాన్లీ కంపెనీ అతని హక్కులు కొనుక్కుంది, ఆ తర్వాత అందరూ అదే పోత పోస్తున్నారు. నాది ఎవరి పోతో తెలియదు, పేరున్నచోట తుప్పే ఉంది. దాని అడుగు చదును చెయ్యడానికి వంటగట్టు చేయించినప్పుడు మిగిలిన గ్రానైటు ముక్క పనికొచ్చింది. దాని మీద 80 నంబరు ఎమరీ కాగితం అంటించి, చిత్రిక అడుగున స్కెచ్ పెన్నుతో అడ్డగీతలు గీసి, గీతలన్నీ సమంగా చెరిగేదాకా రుద్దాను. మూడు సాయంత్రాలు. బ్లేడు బయటికొచ్చే మూతి దగ్గర గీత పోతే చాలు, నాలుగు మూలలూ అద్దంలా మెరవక్కర్లేదని తర్వాత తెలిసింది.

అసలు కథ పదునుది. మొదటి ఆరు నెలలూ నేను వడ్రంగం అనుకుంటూ చేసింది మొద్దు ఉలితో కుస్తీ. కొత్త ఉలి పదునుగా ఉంటుందని దుకాణం నుంచి తెచ్చింది తెచ్చినట్టే వాడాను. అది పదును కాదు, పదును పెట్టడానికి తయారుగా ఉన్న ఇనుము. ముందు దాని వెనకవైపు, అంటే చదునువైపు, చివరి అంగుళం మేర రాయి మీద పూర్తిగా చదునవ్వాలి. తర్వాత వాలు వైపు. దుకాణంలో అది 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, టేకుకైతే అంచున ఇంకో 5 డిగ్రీలు ఎత్తి సన్నగా రెండో వాలు పెడితే త్వరగా విరగదు. గరుకు రాయి మీద అంచు పొడవునా వెనక్కి సన్నటి ఇనప పొర మడత పడి గోరుకి తగిలేదాకా రుద్దాలి. అది తగలకుండా నున్నటి రాయికి మారితే ఎంత రుద్దినా దండగే. నేను ఎప్పుడూ అక్కడ తొందరపడేదాన్ని. పైగా టేకులో సన్నటి ఇసకలాంటి సిలికా ఉంటుంది. మామిడిచెక్కలో గంట నిలిచే అంచు టేకులో పావుగంటకే జారుతుంది. ఇది తెలియక రాయినీ ఉలినీ మార్చి మార్చి తిట్టుకున్నాను.

మొద్దు ఉలి ఇంకో పని కూడా చేసింది. ఎక్కువ బలం పెట్టి తోస్తే జారి, ఎదురుగా చెక్క పట్టుకున్న నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు. మా వారు ఆ రాత్రి పనిముట్ల పెట్టెని మంచం కిందకి తోసేశారు. నెల తర్వాత నేనే బయటికి లాక్కున్నాను.

2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, మామయ్య కొత్త డాబాకి గుమ్మాలెత్తిన ఆచారిగారిని కలిశాను. వయసు 70 దాటింది. కొడుకు కాకినాడలో ప్లైవుడ్డూ సన్‌మైకా పనులు చేస్తాడు, ఈయన మాత్రం ఊళ్ళో ఇంకా కొయ్య పని పట్టుకునే ఉన్నారు. నాలుగు రోజులు వాళ్ళ పందిట్లో కూర్చోనిచ్చారు.

నాకున్న పెద్ద దిగులు పని చేసుకునే బల్ల గురించి. వీడియోల్లో అందరికీ గుర్రంలాంటి బల్ల, దానికి చెక్కని బిగించే పట్టుగీర ఉంటాయి. బాల్కనీలో అదెక్కడ పెట్టను? ఆయనకి ఫోన్లో ఒక బల్ల బొమ్మ చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగానే ఉందండి అమ్మాయిగారూ, నిలబడి చేసేవోళ్ళకి" అన్నారు. తర్వాత గోనె మీద చతికిలబడి, పలక ఒక కొసని గూటానికి ఆనించి, రెండో కొసని మడమతో నొక్కి, కాలివేళ్ళతో అంచు పట్టుకుని ఉలి వేయడం మొదలెట్టారు. పలక ఇసుమంత కదల్లేదు. కాలు ఎప్పుడు తీస్తున్నారో, ఎప్పుడు పెడుతున్నారో కూడా తెలియలేదు. ఆయన చేతి రంపం తన వైపు లాగినప్పుడు కోస్తుంది, తోసినప్పుడు కాదు. కూర్చున్న మనిషికి లాగడమే వాటం. నేను అలా కూర్చుని పావుగంట చేసేసరికి నడుము పోయింది. ఇప్పటికీ ఒక గంట మించి కూర్చోలేను. కానీ బల్ల దిగులు ఆ రోజుతో వదిలింది.

ఆయన ఉలి లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టిచ్చింది. పదును చూసుకోవడానికి నేను ముంజేతి వెంట్రుకలు గీసి చూపిస్తే నవ్వారు. "వెంట్రుకలతో మనకేం పనండి? ఇదిగో ఇక్కడ చూడాల" అని మామిడిముక్క కొస మీద అడ్డంగా ఉలి నడిపారు. మెత్తటి చెక్క కొసని మొద్దు ఉలి నలిపేస్తుంది, పదునైనది మైనంలా కోస్తుంది. నాది నలిపింది. ఆయనది కోసింది. అప్పుడే నా బొటనవేలి మచ్చ చూశారు. అంతవరకు మీరు, అమ్మాయిగారు అంటున్న మనిషి ఒక్కసారిగా, "చెయ్యి ఉలికెదురుగా ఎందుకు పెట్టావమ్మా? రెండు చేతులూ దాని వెనకే ఉండాలని నీకెవరూ చెప్పలేదా?" అని కసిరారు. మా తాతయ్య తర్వాత నన్నలా కసిరినవాళ్ళు లేరు.

వంకర చీలల సంగతి కూడా అడిగాను. ఒక చీల సంచిలో వేసుకుని తీసుకెళ్ళాను. దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "మంచి పనోడు" అన్నారు. పట్టీ చివర నాలుకలా చెక్కేది కూసం, అది దూరే రంధ్రం బెజ్జం. రెండిటికీ అడ్డంగా చీల దిగడానికి రంధ్రాలు పెడతారు కదా, కూసం మీది రంధ్రం బెజ్జం పక్కలమీది రంధ్రాలతో సరిగ్గా ఒకే వరసలో ఉండకూడదు. కూసం మొదలు వైపుకి అర నూలు జరగాలి. అప్పుడు చీల దిగుతున్నకొద్దీ కూసాన్ని లోపలికి లాక్కుంటుంది, తనేమో ఒంగుతుంది. బంక ఉన్నా లేకపోయినా అతుకు వదలదు. అంటే ఆ ఒంకరే అన్నేళ్ళు తలుపుని బిగించి ఉంచింది. నేను పనివాడి తప్పనుకున్నది.

హైదరాబాదొచ్చాక తలుపు ముక్కల్ని నేలమీద పరుచుకుని కొలతలు చూసుకున్నాను. నాలుగు నిలువు పట్టీలు, ఆరేసి అడుగులు, 4 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం. పలకలు ముప్పావు అంగుళం మందం, 30 అంగుళాల పొడవు, పన్నెండేసి వెడల్పు. పెద్ద టేబులుకి పొడవు చాలదు. కింద కూర్చుని రాసుకునే గుమాస్తా బల్లకైతే సరిగ్గా సరిపోతుంది. 13 అంగుళాల ఎత్తు, 30 పొడవు, 20 వెడల్పు. నా లెక్కల పనికి అదే మేలు.

పట్టీని నిలువునా చీల్చి కాళ్ళు తీశాను. ఒకటిన్నర అంగుళాల మందం పాత టేకు, అడుగు పైన పొడవు. మొదటి కోతకి నలభై నిమిషాలు పట్టింది, గీత నుంచి రెండు నూళ్ళు పక్కకి పోయింది. తప్పు చేతిది అనుకున్నాను కానీ రంపానిది. పళ్ళు ఒకవైపు ఎక్కువ ఒంగి ఉన్నాయి. మూడు పలకల ఆకురాయితో పళ్ళు రాసి, ఒకటి విడిచి ఒకటి చెరోవైపు సమంగా వంచాక, నాలుగో కోత పదిహేను నిమిషాల్లో గీత మీదే నడిచింది. కోస్తుంటే ఆ వాసన! అన్నేళ్ళ చెక్క, పైన అంత రంగు పూసినా, లోపల తోలు వాసనలాంటి ఆ టేకు వాసన అలాగే ఉంది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమీ మాట్లాడకుండా కాసేపు నిలబడి వెళ్ళింది.

బెజ్జాలు కొట్టడంలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ప్రతి కాలికీ రెండు పక్కల బెజ్జాలు, అడ్డపట్టీల కూసాలు దూరడానికి. నాలుగూ శ్రద్ధగా, ఒకదానిలా ఒకటి కొట్టాను. నిలబెట్టి చూస్తే నాలుగూ ఎడమ కాళ్ళే. బల్లకి కాళ్ళు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండాలి, రెండు కుడి, రెండు ఎడమ. ఒక వారం పని పొట్టులో కలిసింది. మళ్ళీ రెండు కాళ్ళు కోసుకున్నాను. ఇప్పుడు ఏ పనికైనా ముందు నాలుగు కాళ్ళూ కట్టలా పట్టుకుని, పై కొసల మీద కలిపి ఒక చతురస్రం గీస్తాను. విడదీశాక ఒక్కో కాలి మీద ఒక్కో మూల మిగులుతుంది, ఇక తికమక ఉండదు. మిగిలిన రెండు తప్పు కాళ్ళు గోడకి బట్టలు తగిలించే కొయ్యలయ్యాయి.

పై పలక కోసం రెండు పలకలు పక్కపక్కన అతకాలి. వాటి అంచులు తిన్నగా రావడానికి ఒక కిటుకు ఉంది. పుస్తకం మూసినట్టు రెండిటినీ ముఖాలు కలిపి నిలబెట్టి, రెండు అంచులకీ ఒకేసారి చిత్రిక పట్టాలి. చిత్రిక కొంచెం ఏటవాలుగా నడిచినా, పుస్తకం తెరిచేసరికి ఒక వాలు రెండోదాన్ని సరిచేసుకుంటుంది. నేను చెక్క నార వాలుకి ఎదురు పట్టి ఒకచోట పెచ్చు లేపాను. అది అడుగు వైపుకి తిప్పేశాను, ఎవరికీ కనబడదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి బంక పూసేముందు అంచుల్ని ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే అతకాలి. క్లాంపులు రెండే ఉన్నాయి. మూడోచోట నవారు చుట్టి, కర్ర పెట్టి మెలేశాను, మంచం నవారు బిగించినట్టు.

కాళ్ళకీ అడ్డపట్టీలకీ బంక వెయ్యలేదు. వెదురు చీలలే. అర నూలు జరిపి రంధ్రాలు పెట్టాను. మొదటి చీల లోపలే విరిగింది, చివర సన్నగా చెక్కలేదు. రెండోది దిగుతుంటే సందు మూసుకుపోవడం కళ్ళకి కనిపించింది. ఒకటికి రెండుసార్లు వేలితో తడిమి చూశాను. అంతకుముందు చేసిన ఏ పనిలోనూ నాకంత సంతోషం కలగలేదు, ఆడిట్ సంతకాలతో సహా.

ఇక పై పలక. ఈసారి స్క్రూలతో కింద బిగించెయ్యలేదు. అడ్డపట్టీల లోపలివైపు గాళ్ళు తీసి, వాటిలో ఆడే ఎనిమిది చిన్న చెక్క నాలుకలు చేశాను. నాలుకలు పలకకి స్క్రూతో బిగుసుకుంటాయి, కానీ గాడిలో జరుగుతాయి. పలక పైకి లేవదు, పక్కలకి మాత్రం దాని ఇష్టం.

పాలిష్ లక్కతో. అర లీటరు స్పిరిట్‌లో 100 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, దూది లోపలపెట్టిన మెత్తటి నూలుగుడ్డ ఉండతో పూశాను. జులైలో మొదలెట్టడం పొరపాటు. ముసురు గాలిలో పూత పాలు విరిగినట్టు తెల్లబారింది. ఎండ కాసిన రోజు ఉత్త స్పిరిట్ తడితో పైపైన తుడిస్తే చాలావరకు సర్దుకుంది. లక్క మీద వేడి గిన్నె పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. సరిగ్గా పదో రోజున మామయ్య చూడ్డానికొచ్చి వేడి కాఫీ గ్లాసు దాని మీదే పెట్టాడు. తెల్లటి చుట్ట ఇంకా ఉంది. అది తుడవడం సులువే, ఎందుకో తుడవలేదు.

ఒక కాలి వెనకవైపు పాత తలుపు గాడి పావు అంగుళం మేర మిగిలిపోయింది, దాని అడుగున ఆకుపచ్చ రంగు కొంచెం ఉంది. బల్ల బోర్లా వేసి చూస్తే అడ్డపట్టీ దగ్గర పలక అడుగున రెండు పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. పట్టీ అంచు ఎక్కడికొస్తే అక్కడ గీశాను. ఒకదాని పక్కన 'ఆగస్టు 23', రెండోదాని పక్కన 'మే 24' అని రాసి ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే మధ్యలో రెండు మిల్లీమీటర్లు.